ఇచ్చేవాళ్లే ముందు తాగాలి

చేదు ఇంకా నాలుక మొదట్లోనే కూచుని ఉంది. పుక్కిలించి ఉమ్మేద్దామనుకుని మానుకుంది. పుక్కిలించకూడదు, మంచినీళ్లు తాగకూడదు, నోట్లో ఇంకేదీ వేసుకోకూడదు, అన్నీ అత్తయ్య పెట్టిన నియమాలు. కిటికీ కడ్డీల నీడ పొయ్యి గట్టు మీంచి జరిగి కుళాయి దాకా వచ్చేవరకూ వంటింటి తలుపు కూడా తీయకూడదు. తాగినవాళ్ల ముఖం తాగబోయేవాళ్లు చూడకూడదు. చూస్తే ఏమవుతుంది? ఏమీ కాదు, చూసినవాడు భయపడి చస్తాడు, లేదంటే లేనిపోని ధైర్యం తెచ్చుకుంటాడు, రెండూ రోగానికి మంచివి కావు అనేది ఆవిడ. అందుకే తలుపు మూసుకుని, పీట లాక్కుని, గోడకి వీపు ఆనించి కూచుంది ఆమె. సగం గ్లాసు కషాయం కడుపులో ఉంది. మిగిలింది గిన్నెలో ఉంది, పైన పళ్లెం మూత. అది ఆయనది. తనకేమీ కాకపోతే తీసుకెళ్లి ఆయనకిస్తుంది. ఏమైనా అయితే కోసుకొచ్చింది చేదాకు కాదని తేలిపోతుంది. ఎంత సులువైన పరీక్ష, ఖర్చల్లా ఒక మనిషే.

కడుపులో ఏదో కదిలింది. కదిలిందా, కదిలినట్టనిపించిందా? పొద్దుటినుంచీ ఏమీ తినలేదు, ఆకలి కూడా ఇలాగే కదులుతుంది. మణికట్టు మీద వేళ్లు పెట్టుకుంది, నాడి దొరకలేదు. ఎదుటివాళ్లదైతే ఇట్టే దొరుకుతుంది, తనదే వెతుక్కోవాలి. ఇదిగో ఉంది, కొట్టుకుంటోంది, కాస్త తొందరగానే కొట్టుకుంటోంది, అయినా అది భయానికి కావచ్చు. బస్సు డిపో వెనక వాలులో కోసింది పొద్దున. ఈ చుట్టుపక్కల ఇంకెక్కడా మొలవదు అది. ఎవరూ నాటరు, ఎవరూ నీళ్లు పోయరు, డీజిలు మరకల మధ్య, పగిలిన సీసాల మధ్య, ఎవరి మీదో పంతం పట్టినట్టు మొలుస్తుంది. పువ్వుంటే ఏ గొడవా లేదు. చేదాకు పువ్వు ఊదారంగులో తల వంచుకుని ఉంటుంది, దాని పక్కనే పెరిగే దొంగాకు పువ్వు తెల్లగా ఆకాశంలోకి చూస్తుంటుంది, చిన్నపిల్లలు కూడా గుర్తుపడతారు. చిక్కంతా పువ్వు రాకముందే. అప్పుడు రెండూ కవల పిల్లలే. అదే వెడల్పు, అదే రంగు, అంచున అవే పళ్లు. ఆకు వెనక్కి తిప్పి బొటనవేలితో రాస్తే చేదాకు నూగు వేలికి అంటుకుంటుంది, దొంగాకుది అంటుకోదు. అంటుకుంది. అంటుకుందనే అనుకుంది. కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీసి అరగదీసి మొద్దుబారిన వేళ్లు ఇవి, ముల్లు దిగినా తెలియని వేళ్లకి నూగేం తెలుస్తుంది? పువ్వు లేని ఆకు కొయ్యనే కొయ్యకు అనేది అత్తయ్య. పూలు వచ్చేదాకా ఆగుదామండీ అంటే ఆయన ఆగనన్నాడు. ఈయన ఎప్పుడు ఆగాడు గనక, పెళ్లిచూపుల్లోనే కుర్చీలోంచి లేచి వాళ్ల ఫ్యాను బాగుచెయ్యబోయిన మనిషి.

వీధి వీధంతా ఆవిణ్ణి చేదత్త అనేది. ఎదుట కాదు, ఎదుట అనే ధైర్యం ఎవరికుంది. పొట్టిగా ఉండేది, చేతులు మటుకు పొడుగు, ఎవరింటికెళ్లినా ముందు వాళ్ల కాళ్లు చూసేది, తర్వాత ముఖం. పాదం మీద వేలితో నొక్కి సొట్ట ఎంతసేపటికి పూడుతుందో చూసేది. పూడకపోతే చేదాకు. కురుపులకి ఆకు నూరి పట్టు వేసేది, మానని పుండ్లకి కాచిన నీళ్లతో కడిగేది, నీరు పట్టిన కాళ్లకి మాత్రమే లోపలికి ఇచ్చేది, అదీ రోగి అరచేతి పొడవున్న ఒక్క ఆకు, అంతకు మించి ఒక్క ముక్క కూడా వెయ్యనిచ్చేది కాదు. కడుపుతో ఉన్నవాళ్లకి ఇవ్వనంటే ఇవ్వను. పిల్లలకి ఇవ్వను. వాంతులవుతుంటే ఇవ్వను. పక్కింటి టైలరమ్మ తన కూతురి కోసం కాళ్లావేళ్లా పడితే, పిల్లదాన్ని చంపుకుంటావా అని తలుపేసుకుంది. ఆవిడది ఆషామాషీ వైద్యం కాదు. దైవాన్ని తలచుకోవడం, మంత్రాలు, విభూతి, ఏమీ ఉండేవి కావు. ఇచ్చేవాళ్లే ముందు తాగాలి, అంతే ఆవిడకి తెలిసిన మంత్రం. నువ్వు తాగలేనిది ఇంకొకడి నోట్లో పొయ్యడానికి నీకేం హక్కుందే అనేది. కొత్త కోడలిగా ఆ మాట విన్నది ఆమె, అప్పటికి ఆమె జీవితంలో అంత నిజాయితీ ఉన్న మాట ఎవరూ చెప్పలేదు. ఇప్పటికీ ఆ మాటంటే గౌరవమే.

"ఏమే, అయిందా?" ముందుగదిలోంచి ఆయన గొంతు. ఆయాసం మాటకీ మాటకీ మధ్య దూరుతోంది.

"ఇంకా లేదండీ."

"నీడ ఎక్కడిదాకా వచ్చింది?"

"ఉప్పు డబ్బా దగ్గరుంది. మాట్లాడకండి, పడుకోండి."

మాట్లాడకుండా ఉండటం ఆయనవల్ల అయ్యే పనా? లిఫ్టు మెకానిక్కు ఆయన. జీవితమంతా మేడలపైన మోటారు గదుల్లో, గ్రీజు వాసనలో, ఎవరూ వినని చోట తనలో తను మాట్లాడుకుని బతికిన మనిషి, ఇంటికొచ్చి ఆ మాటలన్నీ ఆమెకి మళ్లీ చెబుతాడు. ఫలానా మేడలో తాడు అరిగింది, ఫలానా ఆఫీసులో పెద్దమనిషి లిఫ్టులో ఇరుక్కుని తన పేరు తనే మరిచిపోయాడు. అలాంటివాడు ఇప్పుడు ముందుగదిలో రెండు దిళ్ల మీద కాళ్లు పెట్టుకుని పైకప్పు చూస్తున్నాడు. మోటారు గదికి లిఫ్టు పోదు, మెట్లెక్కాలి, ఆ మెట్ల మీదే కదా కిందటి నెలలో కూలబడిపోయాడు. గుండె నీరసించిందన్నారు ఆసుపత్రిలో, అందుకే కాళ్లకి నీరు. డాక్టరమ్మ చిన్నపిల్ల, ఆమెకి కూతురయ్యే వయసు, అయినా ఓపిగ్గా చెప్పింది. ఈ మాత్ర గుండె దూకుడు తగ్గిస్తుంది, గట్టిగా కొట్టుకునేట్టు చేస్తుంది, మెల్లమెల్లగా నీరు లాగేస్తుంది, పొద్దున్నే ఒకటి వేసుకోవాలి, మరవద్దు. నాటుమందులేమైనా వాడుతున్నారా అని అడిగింది. లేదన్నాడు. అప్పటికి అది నిజమే. ఆ తర్వాత మొదలైంది గొడవ. మెల్లమెల్లగా అంటే ఎంత మెల్లగా? కంపెనీలో తన చోటికి ఇంకొకణ్ణి తెచ్చి పెడతారట, మెట్లెక్కలేనివాడికి మోటారు గదిలో ఏం పని? అమ్మ ఆకు ఉండగా నాకీ ఖర్మేంటి? మాత్ర మానమంటున్నానా, అదీ వేసుకుంటాను, ఇదీ తాగుతాను. నువ్వు కాచకపోతే నేనే వెళ్లి కోసుకుని నేనే కాచుకుంటాను. పొద్దున లేస్తే ఇదే పాట, పడుకోబోతే ఇదే పాట. ఆమె ప్రాణం విసిగిపోయింది. విసిగిపోయి కాదు, అలా అనుకోవడం తేలిక, ఆమెకీ నమ్మకమే, కాళ్ల నీరు దిగి ఎగిరి గంతులేసుకుంటూ వెళ్లినవాళ్లని కళ్లారా చూసింది. సరే, కాస్తాను, కానీ ముందు నేను తాగుతాను అంది.

నోట్లో నీళ్లూరుతున్నాయి. వాంతి ముందు ఊరే నీళ్లా ఇవి? మింగింది. ఊరుతున్నాయి, మళ్లీ మింగింది. పొయ్యి గట్టు మీద గచ్చు పగులు ఉంది చూడు, అది చూడు, ఆ పగులు చివరి దాకా చూపు పోనివ్వు, ఇంకేమీ ఆలోచించకు. పగులు కనిపిస్తోంది. తెల్లటి గోడ తెల్లగానే కనిపిస్తోంది. తెల్లగా కనిపిస్తోందా అని ఇప్పుడెందుకు చూసుకుంటోంది తను? మావయ్యగారు. అవును, మావయ్యగారు అనేవాడు గోడలన్నీ పసుపుపచ్చగా ఉన్నాయని. నీళ్ల ట్యాంకరు నడిపేవాడాయన, బండ మనిషి, నవ్వితే గ్లాసులు కదిలేవి. ఆయనకీ కాళ్లకి నీరే. ఈ రోగం తండ్రి నుంచి కొడుక్కి ముక్కుతో పాటు వచ్చినట్టుంది. బల్బు చుట్టూ రంగు వలయాలు కనిపిస్తున్నాయమ్మా, మనుషుల ముఖాలు కూడా పసుపు పూసినట్టున్నాయి అంటే అందరూ నవ్వారు. షాపుకి తీసుకెళ్లింది ఆమె. అక్షరాల బోర్డు ముందు కూచోబెడితే కింది వరస దాకా గడగడా చదివేశాడు. చూపు బాగానే ఉంది కానీ వయసు కదా అన్నాడు షాపు ఓనరు. తనే అద్దాలు అరగదీసి, తనే ఫ్రేములో బిగించి, కొత్త కళ్లజోడు పెట్టింది. పెట్టుకుని చుట్టూ చూసి, ఏం కోడలా, అద్దానికి పసుపు నువ్వే పూశావా ఏంటి అన్నాడు. ఎంత నవ్వుకున్నారో అప్పుడు. ఆ తర్వాత అన్నం సహించలేదు ఆయనకి, తిన్నది తిన్నట్టు కక్కేసేవాడు, రోగం బయటికి పోతోందిలే అంది అత్తయ్య. ఒక పొద్దున అద్దం ముందు గడ్డం గీసుకుంటూ గీసుకుంటూ ఆగిపోయాడు. ఒక చెంప నున్నగా ఉంది, రెండో చెంప మీద సబ్బు నురగ. అత్తయ్య ఆ నురగ తన పైటచెంగుతో తుడిచింది, అందరూ వచ్చి పట్టుకునేదాకా తుడుస్తూనే ఉంది.

ఎవరూ ఆవిణ్ణి ఒక్క మాట అనలేదు. అనడానికేముంది? ప్రతిసారీ ఆవిడే ముందు తాగింది, అందరూ చూశారు. రాయిలా ఉంది. మందులో దోషముంటే ముందు ఆవిడ పోవాలిగా? ఆయన కాలం తీరింది, అంతే, అన్నారు వచ్చినవాళ్లంతా. ఆసుపత్రి మాత్రలు కూడా వాడాడు, ఈ ఆకూ వాడాడు, ఏ లోటూ చెయ్యలేదమ్మా నువ్వు, అన్నారు. నిజమే, ఆవిడే మాత్ర అరచేతిలో పెట్టేది, వేసుకున్నాక కషాయం గ్లాసు అందించేది. వాళ్ల మందు ఒక చెయ్యి, మన మందు ఒక చెయ్యి, రెండు చేతులూ వేసి లాగితే ఎంత రోగమైనా దిగి రాక చస్తుందా అనేది.

రెండు చేతులూ.

ఆమె వీపు గోడకి ఆనలేదిప్పుడు. ఎప్పుడు ముందుకి వంగిందో తెలియదు. డాక్టరమ్మ ఇంకో మాట కూడా అంది. మాత్ర గురించి చెప్పి, చీటీ చేతిలో పెడుతూ అంది. ఆ క్షణంలో తను ఇంటికి వెళ్లే బస్సు గురించి ఆలోచిస్తోంది, తలూపిందే తప్ప చెవిన వేసుకోలేదు. ఇప్పుడెక్కడినుంచి వచ్చిందో ఆ మాట, ఆ చిన్నపిల్ల గొంతుతో సహా వచ్చింది. తిన్నది ఇమడకపోయినా, కళ్లకి అన్నీ పసుపుపచ్చగా కనబడినా వెంటనే తీసుకురండి, ఈ మాత్ర ఒంట్లో ఎక్కువైతే అలా అవుతుంది. మాత్ర ఎక్కువైతే. మావయ్యగారు మాత్ర ఎక్కువ వేసుకోలేదే, పొద్దున ఒక్కటి, అత్తయ్య చేత్తో. మరి ఎక్కువైందెలా? గుండె దూకుడు తగ్గిస్తుంది, నీరు లాగేస్తుంది. ఇది డాక్టరమ్మ మాత్ర గురించి చెప్పిన మాట, అత్తయ్య ఆకు గురించి చెప్పిన మాటా ఇదే, అక్షరం తేడా లేదు. ఒకటే పని చేసేవి రెండు. మాత్ర వేసుకున్న మనిషికి ఆకు ఇస్తే ఇంకో మాత్ర ఇచ్చినట్టే, అది ఎంత మాత్రో, ఎన్ని మాత్రలో ఆకుని చూసి ఎవరు చెప్పగలరు? లిఫ్టుకి రెండు బ్రేకులూ ఒక్కసారే పట్టేస్తే అంతస్తుకీ అంతస్తుకీ మధ్య వేలాడుతూ ఉండిపోతుందని ఆయనే చెప్పాడొకసారి. మావయ్యగారు అలాగే ఆగిపోయాడు, ఒక చెంపకీ ఇంకో చెంపకీ మధ్య.

దొంగాకో చేదాకో అని ఇంతసేపూ హడలి చచ్చింది, దొంగాకు అయితే బాగుండునిప్పుడు. తను కూచున్న ఈ పరీక్ష, ఈ నీడ, ఈ మూసిన తలుపు, ఇవన్నీ ఆకుకే గానీ ఆయనకి కాదు. ఆమె కడుపులో మాత్ర లేదు. అత్తయ్య కడుపులోనూ లేదు. ఇచ్చేవాళ్లు తాగితే ఇచ్చేవాళ్ల మనసు మంచిదని తెలుస్తుంది, అంతకన్నా ఏమీ తెలియదు. ఎంత మంచి మనసు ఆవిడది! ఎంత మంచి మనసుతో, ఎంత జాగ్రత్తగా, ముందు తను తాగి మరీ. ఆమెకి ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం. ఇంత ప్రేమగా మనిషిని చంపడం ఎవరికి సాధ్యం, ఇంట్లోవాళ్లకి తప్ప?

లేచి గిన్నె తీసుకుని తొట్టిలో వంపేసింది. నల్లటి నీళ్లు గిర్రున తిరిగి పోయాయి, కుళాయి తిప్పి చేదు వాసన పోయేదాకా వదిలింది. గండం తప్పిందిక. తప్పిందా? ఆయన ఊరుకుంటాడా? కోసింది తప్పు ఆకని అబద్ధం చెబితే, సరే, సరైన ఆకు నేనే తెస్తానంటాడు. డిపో వెనక వాలు ఆయనకీ తెలుసు, నిక్కర్లు వేసుకున్నప్పటినుంచీ తల్లి వెనక సంచి మోసినవాడు. నాకు కడుపులో తిప్పిందండీ అంటే, నీకు ఆకు గుర్తుపట్టడం రాదు అంటాడు. రేపు పొద్దున తను షాపుకి వెళ్లగానే కాచుకుంటాడు, మాత్ర వేసుకుని, పైన తాగుతాడు, తనే ముందు తాగేవాడూ తనే తాగబోయేవాడూ అయిపోతే ఇంక నియమం ఎవరికి? ఏ అబద్ధమూ ఆయన్ని ఆపదు. నిజం ఒక్కటే ఆపుతుంది. ఆ నిజం ఏమిటంటే మీ నాన్నని మీ అమ్మ చంపింది. ఈ మాట ఎలా అంటారు మనిషితో? ఆవిడ ఫొటో మంచానికి ఎదురుగా గోడకే ఉంది, ఆయన పొద్దున లేచి మొదట చూసేది ఆవిణ్ణే. ఆ మాట అన్నాక ఆయన ఆమె ముఖం చూస్తాడా? చూడకపోనీ. బతికుండి చూడకపోనీ, అదే చాలు.

నీడ ఇంకా కుళాయి దాకా రాలేదు. తలుపు తీసింది.

ఆయన లేచి కూచుని ఉన్నాడు మంచం మీద. ఖాళీ గ్లాసు ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. ఆమె ముఖం చూసి భయపడ్డాడు.

"ఏమైనా అయిందా నీకు?"

"ఏమీ కాలేదు."

"హమ్మయ్య. అయితే పోయ్."

"పారబోశానండీ."

"పారబోశావా? మతిగాని పోయిందా? ఏమీ కాలేదంటివి కదా!"

"అత్తయ్యకీ ఏమీ కాలేదు. ఆవిడ తాగినన్నిసార్లూ ఆవిడకేమీ కాలేదు. అయింది మావయ్యగారికి. ఆయన మాత్ర వేసుకునేవారు, ఆవిడ వేసుకునేది కాదు. అదే తేడా."

"ఏం కూస్తున్నావ్?"

"పసుపుపచ్చగా కనిపిస్తోందని ఎన్నిసార్లన్నారు ఆయన? తిన్నది కక్కేసుకోలేదూ? మొన్న డాక్టరమ్మ ఏం చెప్పింది మనకి, మాత్ర ఎక్కువైతే ఎలా ఉంటుందని చెప్పింది? మీరూ ఉన్నారు కదా పక్కన. ఆ ఆకూ ఈ మాత్రా ఒకటేనండీ. రెండూ కలిస్తే మనిషి ఆగిపోతాడు."

కసురుకుంటాడనుకుంది. గ్లాసు విసిరేస్తాడనుకుంది, మా అమ్మనే అంటావా అని ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తాడనుకుంది. అన్నిటికీ సిద్ధంగా గుమ్మం పట్టుకుని నిలబడింది. ఆయన ఒళ్లోని గ్లాసు బోర్లించాడు. వీధిలో ఎవరో బండి స్టార్టు చెయ్యలేక తంటాలు పడుతున్నారు.

"నాన్న పోయాక అమ్మ వెనక గదిలో కాచుకునేది," అన్నాడు. "నీకు తెలుసా?"

"ఏం కాచుకునేది?"

"ఇదే. నువ్వు షాపుకెళ్లాక. నేనొకసారి మధ్యాహ్నం ఇంటికొచ్చి చూశా. ఒక్కత్తే తాగి గోడకి ఆనుకుని కూచుని ఉంది. నీకే రోగమూ లేదు కదా, ఎందుకమ్మా అంటే చెప్పలేదు. ఇంకోసారి చూశా, ఇంకోసారి చూశా. ఒకరోజు నా చొక్కా పట్టుకుని ఏడ్చింది. నాకేం కావట్లేదేంట్రా, నాకెందుకు కావట్లేదురా అని." ఆయాసంతో ఆగాడు. "నాన్న మీద బెంగ అనుకున్నానే నేను. చచ్చిపోవాలనుకుంటోందని భయపడి ఆ ఆకులన్నీ పారేశా. అది కాదు. వెతుక్కుంటోంది. ఎక్కడ తప్పు జరిగిందో వెతుక్కుంటోంది."

ఆమె వెళ్లి పక్కన కూచుంది. ఏం చెయ్యాలో తెలియక ఆయన ఒళ్లోంచి గ్లాసు తీసి కింద పెట్టింది. ఆయన ఆ చెయ్యి పట్టుకున్నాడు. మణికట్టు తిప్పి, వేళ్లతో తడుముతున్నాడు, గ్రీజు మరకలు ఎప్పటికీ పోని వేళ్లు.

"నువ్వెంత తాగావ్?"

"సగం గ్లాసు."

"పువ్వు లేని ఆకు కదూ? లేతది?"

"నేనే కదా గోల పెట్టి కోయించింది నీచేత అనుకుంటున్నారా? ఊరుకోండి."

ఆయన కాళ్లు కిందికి దించాడు. ఉబ్బిన పాదాలు నేలకి ఆనగానే ముఖం నొప్పితో ముడుచుకుపోయింది. మంచం కోడు పట్టుకుని, తర్వాత గోడ పట్టుకుని లేచి నిలబడ్డాడు. ఆసుపత్రికి మళ్లీ వెళదాం రండి అని ఇన్నాళ్లూ ఆమె బతిమాలినా కదలని మనిషి.

"పద. ఆ డాక్టరమ్మ దగ్గరికి."

"ఎందుకు? నేను బాగానే ఉన్నానండీ."

"అమ్మ కూడా అదే అనేది," అన్నాడాయన, వీధి తలుపు వైపు ఆమె చెయ్యి పట్టుకుని లాక్కెళుతూ.